మానెయ్యమని చెప్పే ముందు

కళ్ల డాక్టరు కోసం కాదు

భిలాయ్‌లో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో మొదట మానసిక వార్డులో నర్సుగా, ఆ తర్వాత మత్తు మాన్పించే విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకంటే బాగా చదువుకుని వస్తున్నారు. మందుల పేర్లు, పద్ధతుల పేర్లు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పగలిగింది భయం గురించి. తాగేవాడి భయం, ఇంట్లోవాళ్ల భయం, మన భయం. ఈ మూడూ ఒకే గదిలోకి వచ్చి కూర్చుంటాయి. ఆ సంగతి నాకు పూర్తిగా తెలిసొచ్చిన కేసు ఒకటి రాస్తున్నాను. పేర్లు మార్చాను.

నా గది బయట హిందీలో పెద్ద అక్షరాలతో బోర్డు, దాని కింద ఒక బల్ల ఉండేవి. ఆ బల్ల మీద ఎవరూ కూర్చునేవారు కాదు. ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో ఒకరికొకరు అందరూ తెలిసినవాళ్లే. అక్కడ కూర్చుంటే సాయంత్రానికల్లా ఆ కబురు క్వార్టర్ల వరసంతా పాకిపోతుంది. అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎదురుగా కంటి విభాగం ముందు కూర్చునేవారు. వాళ్లని పోల్చుకోవడం నేనే నేర్చుకున్నాను.

ఒక పొద్దున్న అక్కడ కూర్చున్న ఒకావిడ, కంటి డాక్టరు ఎన్ని పేర్లు పిలిచినా లేవలేదు. ఫోన్‌లో ఎవరితోనో "ఏటీ లేదు, కళ్లు సూపించుకుందామని వచ్చినాను" అంటోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"కళ్లకేనా అమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "కాదక్కా. మా ఆయన గురించి. నానిక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలకూడదు."

ఆమె పేరు రమణమ్మ. విజయనగరం వైపు పిల్ల. పెళ్లయి ఇక్కడికి వచ్చింది, సెక్టర్ 4లో క్వార్టరు. గదిలోకి రాగానే చేతిసంచిలోంచి కాగితంలో చుట్టిన పొడి తీసి నా బల్ల మీద పెట్టింది.

"గోడ మీద నంబరు చూసి తెప్పించాను. ఆయనకి తెలీకుండా కూరలో కలిపెయ్యమన్నారు. తాగుడు అదే మానేస్తాడంట. కలిపెయ్యొచ్చా?"

"ఇప్పటికే కలిపావా?"

"లేదక్కా. గరిటె పట్టుకున్నాను గానీ చెయ్యి రాలేదు."

ఇలాంటి పొట్లాలు నేను చాలా చూశాను. కొన్నింట్లో ఉత్త పిండి ఉంటుంది. కొన్నింట్లో, మద్యం పడగానే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయేలా చేసే మందు ఉంటుంది. అదే మందు రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూపులో ఇస్తే పనికొస్తుంది. దొంగతనంగా పెడితే మనిషి పోవచ్చు. ఈ పొడిలో ఏముందో నాకు తెలియదు కాబట్టే భయపడ్డాను. రమణమ్మ భయపడాల్సిన పని లేదన్నట్టు మొహం పెట్టి, ఆ పొట్లం నా దగ్గరే ఉంచేసుకున్నాను.

"మీ ఆయన ఏం పని చేస్తారు?"

"క్రేన్ ఆపరేటరు. ఉక్కు కరిగించే షాపులో."

మిగతాది ఆమే చెప్పింది. "దొరికిపోతే ఉద్యోగం పోద్దని భయమక్కా. దొరక్కపోతే..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చెయ్యడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

ఆగని చేతులు

ఆమె భర్త నాయుడుగారిని తీసుకురావడానికి ఆమెకి ఒకే ఒక్క సలహా ఇచ్చాను. తాగి వచ్చినప్పుడు ఏమీ అనొద్దు. పొద్దున్న, కాఫీ ఇచ్చేటప్పుడు, 'ఆసుపత్రికి వెళ్లాను, మీ గురించి మాట్లాడాను' అని ఉన్నమాట చెప్పమన్నాను. ఆమె చెప్పింది. ఆయన కప్పు విసిరికొట్టాడట. కానీ రెండు రోజులు ఆగి, డ్యూటీ నుంచి తిన్నగా నా గదికి వచ్చాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, దాని అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇవాళ తాగారా?" అని అడిగాను.

"తాగినాను."

"డ్యూటీలోనా?"

"డ్యూటీకి ముందు. తాగితేనే చెయ్యి ఆగుతాది మేడంగారూ. లేకపోతే ఇదిగో..." అని హెల్మెట్ వదిలాడు. మాట్లాడుతుండగానే వేళ్లు వణకడం మొదలైంది. "సాయంత్రం అయ్యేసరికి మరీ ఎక్కువ. పైన కేబిన్‌లో నానొక్కడినే. కింద లేడిల్‌లో మరిగే ఉక్కు. అంటే పెద్ద గంగాళమండి. దాని పక్కన మనుషులు బొమ్మల్లాగ కనిపిస్తారు. నా చెయ్యి ఒక్క ఇసుమంత జారితే ఏటయిపోద్దో నాకు తెలుసు. అందుకే తాగుతాను."

ఇన్నేళ్లలో నేను విన్నవాటిలో నన్ను ఇంతగా భయపెట్టిన మాట ఇంకోటి లేదు. అబద్ధమై ఉంటే బాగుండుననిపించింది. కానీ అది నిజం. ఆ దశకి వచ్చినవాడికి మద్యం సరదా కాదు, ఒంటికి కావలసిన మందైపోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు ఏడ్చి, ఒట్లు వేయించి, గదిలో పెట్టి గడియ వేసి, "ఈ రోజు నుంచి చుక్క ముట్టకు" అన్నప్పుడు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆపించడం డాక్టరు చేతిమీదుగా జరగాలి. ఈ పనిలో చేరినవాళ్లు అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లకి చెప్పాల్సింది ఇదే.

"రేపు మీరు క్రేన్ ఎక్కకూడదు," అన్నాను.

"మీరు ఫోన్ చేసి చెప్పేస్తారా?"

నా గదిలో చెప్పిన మాట గది దాటదని ఆయనకి ముందే మాటిచ్చాను. కింద నిలబడే మనుషులకి నేను ఏ మాటా ఇవ్వలేదు, కానీ వాళ్లకీ పెళ్లాం పిల్లలున్నారు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరు చేస్తే నేను చెయ్యను. మీరు చెయ్యకపోతే చేస్తాను. మీకు తెలీకుండా మాత్రం చెయ్యను."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నా ఎదురుగానే వాళ్ల ఇన్‌ఛార్జికి చేశాడు. "సర్, తబీయత్ ఠీక్ నహీ హై. కల్ సే ఛుట్టీ చాహియే," అన్నాడు. ఒంట్లో బాగోలేదు, రేపటి నుంచి సెలవు కావాలని. అవతల ఆయన కేకలు నాకూ వినిపిస్తున్నాయి. నాయుడుగారు "జీ సర్, జీ సర్" అంటూ విన్నాడు గానీ, చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఫోన్ పెట్టేశాక ఆయన చొక్కా తడిసిపోయి ఉంది.

వారం ఆగి రమ్మన్నారు

మా విభాగానికి పెద్ద డాక్టర్ శర్మగారు. హస్తవాసి ఉన్న మనిషి. రోగుల మీద అరిచేవారు గానీ ఎవరినీ తక్కువ చేసి మాట్లాడేవారు కాదు. నాకు ఈ పనిలో తెలిసినదానిలో సగం ఆయన నేర్పిందే. అయితే ఆయనకి ఒక నియమం ఉండేది. చేరతానని వచ్చినవాడిని వెంటనే చేర్చుకోకుండా, వారం ఆగి రమ్మనేవారు. "నిజంగా మానాలని ఉన్నవాడు తిరిగి వస్తాడు దీదీ. మిగతావాళ్లు మంచం దండగ చేస్తారు," అనేవారు.

నాయుడుగారి చేతుల సంగతి, క్రేన్ సంగతి చెప్పాను. "సెలవు పెట్టేశాడుగా, ఇంక క్రేన్ ప్రమాదం లేదు. సోమవారం రమ్మను. అప్పటిదాకా ఒక్కసారిగా ఆపొద్దని చెప్పు," అన్నారు. నేను వాదించాను. ఆయన కదల్లేదు.

మానాలనుకునే బుద్ధి తలుపు తట్టేది కాసేపే. ఆ కాసేపట్లో తలుపు తియ్యాలి. వారం అంటే ఆ ఇంట్లో ఏమైనా జరగవచ్చు. ఈ ఇంట్లో జరిగింది.

నాయుడుగారి అన్న సత్యంగారికి వైశాలి నగర్‌లో పైపులు, పంపులు అమ్మే షాపుంది. తమ్ముడు సెలవు పెట్టిన సంగతి ఎవరో షాపులోనే నలుగురి ముందు అడిగారట. ఆయన భయం ఆయనది. పరువు పోతుంది, ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. ఎవరో చెప్పగా, జాముల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు కేంద్రానికి ఫోన్ చేశాడు. 'ఇంటికొచ్చి మేమే తీసుకెళ్తాం, బాగుచేసి పంపిస్తాం' అన్నారు వాళ్లు.

ఆ కబురు రమణమ్మ పరుగున తెచ్చింది. ఈసారి కంటి విభాగం వైపు చూడనైనా లేదు.

"అక్కా, వ్యానులో వచ్చి ఒట్టుకెళ్లిపోనారు! అన్నం తింటన్నాడు. చేతులు ఇరిచి కట్టీసి, చెయ్యి కూడా కడుక్కోనివ్వలేదు. బావగారే సంతకం పెట్టినారు. నెల్లాళ్లు సూడ్డానికి వీల్లేదంట."

"ఎప్పుడు?"

"మొన్న. బావగారు ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నాను ఉండలేకపోనాను."

మొన్న. అంటే మొన్నటి నుంచి చుక్క లేదు. అక్కడ డాక్టరు ఉన్నాడో లేడో తెలియదు. నా భయం మాత్రం ఆమెకి కనిపించనివ్వలేదు.

గోడ లోపల

శర్మగారికి చెబితే ఆయన మొహం పాలిపోయింది. "మనం బలవంతంగా తీసుకురాలేం. సంతకం పెట్టిన అన్నని తీసుకెళ్లు. నేను మంచం సిద్ధం చేస్తాను," అన్నారు. ఆ కేంద్రం నడిపేవాళ్లకి పలుకుబడి ఉందని, ఇదివరకు అడగడానికి వెళ్లినవాళ్లని బెదిరించారని మాకు తెలుసు. ఒంటరిగా వెళ్లే ధైర్యం నాకు లేదు. సాహూజీకి ఫోన్ చేశాను.

సాహూజీ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన ఛత్తీస్‌గఢీ మనిషి. ఒకప్పుడు మా వార్డులోనే చేరి తాగుడు మానేశాడు. ఆదివారాలు సెక్టర్ 4లోని తన ఇంటి ముందుగదిలో, మానేసినవాళ్లని, మానాలనుకునేవాళ్లని కూర్చోబెట్టి మీటింగు పెట్టేవాడు. ఎందుకని అడగకుండా చెప్పులేసుకుని వచ్చేశాడు.

రమణమ్మని కూడా వెంటబెట్టుకుని ముందు వైశాలి నగర్ వెళ్లాం. సత్యంగారు గల్లాపెట్టె దగ్గరి నుంచి లేవలేదు.

"మీ మాట ఇనే కదండీ సెలవెట్టినాడు! ఆ సెలవుతోనే ఊరంతా తెలిసిపోనాది. ఇప్పుడు నానేదో బాగుచేయిస్తంటే అడ్డొస్తారేటి?"

"బాగుచేయించండి సత్యంగారూ. కాదనను. ఒక్కసారి మీ కళ్లతో చూసి రండి. బాగుంటే నేనే నోరు మూసుకుని వెనక్కి వచ్చేస్తాను."

"సూడనివ్వరు కదా."

"సంతకం మీది. మిమ్మల్ని చూడనివ్వరా?"

ఆయన పైపులు మోసే వ్యాను తాళం తీసుకుని లేచాడు.

జాముల్ దాటాక, సిమెంటు దుమ్ము పట్టిన తుమ్మచెట్ల మధ్య ఎత్తైన గోడ, గోడ మీద గాజుపెంకులు. ఇనప గేటు లోపలినుంచి తాళం. రమణమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. సాహూజీ మెల్లగా, "డరే కే బాత్ నఇ హే, బహినీ," అన్నాడు. భయపడాల్సింది లేదు చెల్లీ అని.

గేటు తీసినవాడు మమ్మల్ని చూసి మూసెయ్యబోయాడు. లోపలి నుంచి వచ్చిన మేనేజరు, నెల పూర్తికాకుండా కలవడం కుదరదని హిందీలో ఖండితంగా చెప్పాడు.

"మీ దగ్గర డాక్టరు ఎవరు?" అని అడిగాను.

"యహా డాక్టర్ కీ జరూరత్ నహీ. డిసిప్లిన్ కీ జరూరత్ హై," అన్నాడు. ఇక్కడ కావలసింది డాక్టరు కాదు, క్రమశిక్షణ అని.

అప్పుడే లోపలి నుంచి కేక వినిపించింది. తెలుగులో.

"తప్పుకోండ్రా! కింద మనుషులున్నారు! సైరను కొట్టండ్రా!"

సత్యంగారు ఆ గొంతు పోల్చుకున్నాడు. మేనేజరు భుజాన్ని తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. వెనక మేమూ వెళ్లాం. ఒకే పెద్ద హాలు. గోడల వెంబడి నేల మీద మనుషులు మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మా వైపు తలెత్తలేదు. కొత్త మనిషిని చూసి కూడా తల ఎత్తని జనాన్ని నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

మూల ఇనప మంచానికి నాయుడుగారి మణికట్లు కట్టేసి ఉన్నాయి. ఒళ్లంతా చెమట. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి, కానీ చూస్తున్నది ఇంకెక్కడో. కట్టేసిన చేతులతోనే క్రేన్ లివర్లు తిప్పుతున్నాడు. కుడిచెయ్యి ముందుకి, ఎడమచెయ్యి వెనక్కి, మళ్లీ ముందుకి. తాడు కోసుకుపోయి చర్మం ఎర్రగా లేచిపోయింది. రమణమ్మ పేరు పెట్టి పిలిస్తే, ఆమెని లేడిల్ కిందికి వచ్చేసిన ఎవరో కూలీ అనుకుని "పోండి! పారిపోండి!" అని ఏడ్చాడు.

సత్యంగారు మంచం పక్కన కూలబడ్డాడు. "ఒరే తమ్ముడూ, నాన్రా, అన్నని," అన్నాడు. తమ్ముడు ఆయన్ని గుర్తుపట్టలేదు.

"సత్యంగారూ, మీరు అడగాలి. ఇప్పుడే," అన్నాను.

ఆయన లేచి, మేనేజరు ఎదురుగా నిలబడ్డాడు. "నానే ఎట్టినాను సంతకం. నానే తీసుకెళ్తన్నాను. తాళ్లిప్పండి," అని తెలుగులోనే గట్టిగా అన్నాడు. వాడికి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరు లోపలికి రాబోయారు. సాహూజీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పోలీస్ స్టేషన్‌తో మాట్లాడుతున్నట్టు ఆ ఊరి పేరు, రోడ్డు గుర్తులు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. నిజంగా కలిసిందో లేదో నేను ఇప్పటికీ అడగలేదు. వాళ్లు ఆగారు. తాళ్లు మేమే విప్పుకున్నాం.

సాహూజీ వ్యాను నడుపుతుండగా దారిలో నాయుడుగారికి ఫిట్స్ వచ్చింది. ఒళ్లు విల్లులా బిగుసుకుంది. సత్యంగారు షాపు తాళాలగుత్తి తీసి తమ్ముడి గుప్పిట్లో పెట్టబోయాడు.

"అది వద్దు. తల కింద చెయ్యి పెట్టండి. పక్కకి తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి," అన్నాను. చెబుతున్నది నర్సు. లోపల ఉన్న మనిషి మాత్రం, ఈ ఊపిరి మళ్లీ అందకపోతే రమణమ్మ మొహం ఎలా చూడాలి అనుకుంటోంది.

ఊపిరి అందింది. శర్మగారు గేటు దగ్గరే స్ట్రెచర్‌తో నిలబడి ఉన్నారు.

బతికాక

కొన్నాళ్లు అటో ఇటో అన్నట్టుగానే గడిచింది. నరానికి విటమిన్లు ఎక్కించి, వణుకు తగ్గే మందులు ఇచ్చి, పక్కన మనిషిని పెట్టి చూసుకున్నాం. ఒక పొద్దున్న నాయుడుగారు కళ్లు తెరిచి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. లేదని చెబితే నమ్మలేదు. రమణమ్మ ప్రమాణం చేసి చెప్పాక మళ్లీ నిద్రపోయాడు.

శర్మగారు వారం ఆగమనడం ఆ రోజుతో మానేశారు. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. మంచాలు లేకపోతే వరండాలో వేయించేవారు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకునే తీరు ఒక్కోసారి అలాగే ఉంటుంది. నాకు అది చాలు.

ఆ కేంద్రం మీద ఫిర్యాదు చేశాం. తనిఖీ జరిగింది. హాల్లో ఉన్నవాళ్లలో కొందరిని ఇళ్లవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. కొందరి కోసం ఎవరూ రాలేదు. కొన్నాళ్లు గేటు మూసి ఉంది. తర్వాత అటువైపు వెళ్లినప్పుడు చూస్తే బోర్డు మారింది, గోడ మాత్రం అదే. ఇప్పటికీ ఎవరైనా 'ఒక కేంద్రం ఉందట మేడమ్, ఇంటికొచ్చి తీసుకెళ్తారట' అంటే నాకు ఆ హాలే గుర్తొస్తుంది. మీరు ఎవరినైనా ఎక్కడికైనా పంపేముందు స్వయంగా వెళ్లి చూడండి. డాక్టరు రోజూ వస్తాడా, రోగి తన ఇష్టంతో చేరాడా, ఇంట్లోవాళ్లని కలవనిస్తారా అని అడగండి. లోపలున్నవాళ్లు తలెత్తి మీ కళ్లలోకి చూస్తున్నారో లేదో గమనించండి. ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఉంటుంది, ప్రభుత్వ సహాయ ఫోన్ ఉంటుంది. గోడ మీది నంబరు కంటే అవి మేలని విసుగు లేకుండా చెప్పండి.

మందులతో ఒళ్లు తేరుకుంటుంది. మిగతాదానికి మనుషులు కావాలి. నాయుడుగారు సాహూజీ మీటింగుకి వెళ్లాడు. మొదట్లో ఒక్క మాటా మాట్లాడలేదట. ఒక ఆదివారం లేచి, హిందీలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వెళ్లిపోయాడట. "బహుత్ దేర్ బోలా దీదీ, చాలాసేపు మాట్లాడాడు," అన్నాడు సాహూజీ. "నాకు క్రేన్ అన్న మాట ఒక్కటే తెలిసింది. కానీ గదిలో అందరం ఏడ్చాం."

ఇంతటితో సుఖాంతం అని రాయను. క్రేన్ ఎక్కడానికి పనికిరాడని శర్మగారు రాశారు. ప్లాంటువాళ్లు స్టోర్‌లో పని ఇచ్చారు. "ఆకాశంలో ఉండేవాడిని, నేల మీద పడీసినారు," అని నాయుడుగారు నా మీద కూడా కోపగించుకున్నాడు. దుర్గ్‌లో మేనల్లుడి పెళ్లిలో మళ్లీ తాగాడు. అయితే మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది రమణమ్మ కాదు, ఆయనే. మళ్లీ చేర్చుకున్నాం. మళ్లీ తాగడాన్ని ఓటమి అనకండి. దాచిపెట్టడమే ప్రమాదం.

రమణమ్మ సంగతి ఎవరూ అడగరు. నేను అడిగేదాకా ఆమె చెప్పలేదు. "తాగినప్పుడు ఎప్పుడొస్తాడో అని భయమక్కా. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. నిద్రలో ఊపిరి వాసన చూస్తన్నాను. మెలకువొచ్చి చూసీస్తాడేమోనని అదో భయం." ఆమె కోసం, ఆమెలాంటి మరికొందరి కోసం, శనివారాలు నా గదిలోనే టీ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాం. వాళ్లు అక్కడ మొగుళ్ల గురించి తక్కువ, తమ గురించి ఎక్కువ మాట్లాడుకునేవారు. నేను చేసిన వైద్యాలన్నిట్లో మంచిది అదేనేమో.

నా ఉద్యోగం ఆఖరివారంలో నాయుడుగారు వచ్చాడు. జుట్టు నెరిసింది. తాగడం మానేసి చాలా ఏళ్లయింది. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి గదిలో ఏవో సర్దుకుంటోంది. మేమిద్దరం వరండాలో నిలబడి మాట్లాడుకున్నాం.

"ఇప్పుడు భయం పోయిందా నాయుడుగారూ?"

"లేదు మేడంగారూ. పొద్దున్న లేవగానే ఉంటాది. ఒకేళ పోయిన రోజుంటే, మళ్లీ గ్లాసు ముట్టీది ఆ రోజే. అప్పుడు మీకు ఫోన్ చేస్తాను."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు. "నేను వైజాగ్ వైపు వెళ్లిపోతున్నాను. నాకు చెయ్యండి, కానీ ముందు ఈ అమ్మాయికి చెయ్యండి," అని ఆమె నంబరు చెప్పాను. ఆయన ఒక్కొక్క అంకె నొక్కుకున్నాడు. సరిగ్గా పడిందో లేదో చూసుకుందామని అక్కడే రింగిచ్చాడు.

గదిలో ఫోన్ మోగింది. ఆ అమ్మాయి చేతిలో పని పక్కన పెట్టి, "హలో, చెప్పండి," అంది.

నాయుడుగారు తలుపు వైపు తిరిగి, "నానేనమ్మా, నాయుడిని," అన్నాడు.